ఏడో రూటు చుక్క

కప్సబెట్‌లో మా పాల సంఘం ఆఫీసుకి
డాష్‌బోర్డు వచ్చి మూడు నెలలు.
అంతకుముందు పదకొండు లెక్కల పుస్తకాలు,
వాటి మీద పదకొండు రకాల టీ మరకలు,
అక్కడక్కడా కాకి లెక్కలు.
ఆ కాకులెవరో మా అందరికీ తెలుసు.

ఇప్పుడు వేలు కదిపితే చాలు,
జనవరి పాలన్నీ నీలం గీతై నిలబడతాయి.
ఇంకో నొక్కుకి గీత విరిగి రూట్లు,
రూటు విరిగి రోజులు, రోజు విరిగి క్యాన్లు.
విరగడం ఒక్క పాలకే కాదు, అంకెలకీ వచ్చు.

ఒక మంగళవారం కరెంటు పోయి వచ్చాక
ఊరికే వేసి చూశాను:
అడ్డంగా ప్రయాణం గంటలు,
నిలువుగా విరిగిన పాల శాతం.
పన్నెండు రూట్లు, పన్నెండు చుక్కలు.
గంటలు పెరిగేకొద్దీ చుక్కలు పైకెక్కుతున్నాయి,
మెట్లెక్కే ముసలివాళ్ళలా, ఆయాసంగా.
ఒక్కటి మాత్రం
కుడి మూల, అట్టడుగున,
ఎవరితోనూ మాటల్లేనట్టు కూర్చుంది.
ఏడో రూటు.
నాలుగున్నర గంటల మట్టిరోడ్డు.
విరిగింది నూటికి ఒక్క లీటరు.

మేనేజరు బోయిట్ గారు కళ్ళద్దాలు తుడుచుకుని
"తప్పు ఎంట్రీ జెలగత్, తీసెయ్" అన్నారు.
"శుక్రవారం బోర్డు మీటింగు. గ్రాఫు శుభ్రంగా ఉండాలి."
ఫిల్టర్‌లో ఒక్క టిక్కు, తీసేశాను.
నిజంగానే శుభ్రంగా ఉంది,
పన్ను పీకేసిన చిగురులా.
ఆయన వెళ్ళాక మళ్ళీ పెట్టాను.

ఆ రాత్రంతా తవ్వాను.
ఎండ రోజులు, వాన రోజులు,
సోమవారాలు విడిగా,
లారీ టైరు పంక్చరైన పద్దెనిమిదో తేదీ విడిగా.
చుక్క కదల్లేదు.
ఎక్కడో చెప్పింది తెర, ఎప్పుడో చెప్పింది,
ఎంతో రెండు దశాంశాల దాకా చెప్పింది.
ఎందుకు అని అడిగే బటను
ఏ మెనూలోనూ లేదు.

గురువారం తెల్లారకముందే లారీ ఎక్కాను.
డ్రైవరు కిమేలి. యాభై దాటాయి, మాట పొదుపు.
కొండవాలు దిగి, పాలెత్తుకుని తిరిగిన మొదటి మలుపులోనే
వాగు పక్కన ఆపాడు.
గోనె సంచులు నీళ్ళలో ముంచి
క్యాన్లకి ఒక్కొక్కదానికీ చుట్టాడు,
జ్వరమొచ్చిన పిల్లలకి తడిగుడ్డ వేసినట్టు.
లారీ పక్క పలకలు రెండు ఊడదీసి
గాలికి దారిచ్చాడు.
మళ్ళీ వాగు, మళ్ళీ ఆపడం.
నాలుగున్నర గంటల్లో గంటంబావు వాగులదే.

ఎవరు నేర్పారని అడిగాను.
"ఒకప్పుడు బీరు లారీ తోలేవాణ్ణి.
వేడెక్కిన సీసా దించితే దుకాణంవాళ్ళు తిట్టేవాళ్ళు.
పాల తరఫున తిట్టేవాళ్ళు లేరు గదా."

తిరిగొచ్చి పట్టికలో కొత్త గడి వరస చేర్చాను.
ఏ పేరూ తోచక "గోనె" అని రాశాను.
పదకొండు చోట్ల కాదు. ఒక్క చోట అవును.
మీటింగులో బోయిట్ గారు ఆ చుక్కని
తనే కనిపెట్టినట్టు పెన్నుతో పొడిచి చూపించారు.
పోనీ.

జూన్‌కి చుక్కలు దిగడం మొదలెట్టాయి.
ముందు మూడో రూటు, ఆ వెనకే తొమ్మిది.
అందరూ వాగుల దగ్గర ఆగుతున్నారు కనక
గంటలు పెరిగి, కుడికి జరిగి,
జారుతూ వచ్చి ఒక మూల చేరాయి.
పదకొండో రూటువాడు గోనెలు అమ్ముకున్నాడు,
వాడి చుక్క ఇంకా పైనే.

జీతాల రోజు కిమేలి వచ్చాడు,
లారీ కడిగిన చేతుల్తో, టోపీ చంకలో పెట్టుకుని.
"నాదొక చుక్కుందట. చూపిస్తావా?"

తెర వెలిగించాను.
కుడి మూల, అడుగున,
సంతలో తలకాయల్లా ఒకదాని మీద ఒకటి.
ఏడో దాన్ని వెతికాను. దాని మీద ఆరు కూర్చుంది,
పసుపూ ఆకుపచ్చా కలిసిపోయాయి.
మౌస్ ఆనిస్తే పేరు పైకొస్తుంది. ఆనించబోయాను.
"ఉండు," అన్నాడు,
వంగి, తన లారీని లారీల మధ్య వెతుక్కునే మనిషిలా
చాలాసేపు చూసి
ఒకదాని మీద వేలు పెట్టాడు.
"ఇదే."

అది తొమ్మిదో రూటు.
అవునన్నాను.

ఆయన వెళ్ళాక
తెర మీద వేలి తడి
ఆరేదాకా రిఫ్రెష్ నొక్కలేదు.