మూడు వందల గ్రాములు

కాకసస్ కొండల కింద, జెస్టపోనిలో,
పిల్లల కుస్తీ పోటీల రోజున
తూకం యంత్రం పక్క కుర్చీ నాది.
పేరు నజీబ్రోలా. పందొమ్మిదేళ్ళుగా
అంకెలు చదవడమే నా పని.
ముప్పై ఎనిమిదంటే ముప్పై ఎనిమిది.
అంకె చెప్పేశాక మొహాలు చూడను.

అబద్ధం. చూస్తాను.
పన్నెండేళ్ళవాడు రాత్రంతా నీళ్ళు ముట్టకపోతే
పెదవి అంచున తెల్లగా పొక్కు కడుతుంది.
చూయింగ్ గమ్ నములుతూ సీసాలోకి ఉమ్ముతారు,
ఉమ్మి కూడా బరువేనని ఎవరో చెప్పారు.
గుండు గీయించుకుని వచ్చేవాళ్ళుంటారు.
మెడలో అమ్మమ్మ వేసిన వెండి శిలువ తీసి
నా బల్లమీద పెట్టి
"కాసేపు చూస్తుండండి" అంటారు.

పోయినేడాది రమాజ్ శిష్యుడొకడు
ఒంటికి ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని
మెట్లెక్కీ దిగీ, ఎక్కీ దిగీ
సరిగ్గా అంకె దగ్గర ఆగాడు.
బంగారు పతకం వాడిదే.
మెడలో వేస్తున్నప్పుడు
నిలబడే నిద్రపోతున్నాడు.
అందరికంటే గట్టిగా మోగినవి రమాజ్ చప్పట్లే.
రమాజ్ చెడ్డవాడేం కాదు.
తన గురువు తనకి ఇలాగే నేర్పాడు గెలవడం.
పరువుకీ బరువుకీ తేడా ఒక్క అక్షరం,
ఆ అక్షరాన్ని పిల్లాడి ఒంట్లోంచి పిండుతారు.

ఇవాళ బాచానా వచ్చాడు, జుంబేర్ దగ్గర నేర్చుకుంటున్నవాడు.
మూడు వందల గ్రాములు ఎక్కువ.
ఇంకా గంట టైముంది.
"పరిగెత్తి రానా మాస్టారూ?" వాడే అడిగాడు.
"పరిగెత్తనీ" అన్నాడు వెనకనుంచి తండ్రి,
"ముప్పై ఎనిమిదిలో వీడికి ఎదురే లేదు."
జుంబేర్ పలకలేదు.
వాడి దవడ కింద వేలితో నొక్కి చూశాడు,
పిండి పదును చూసినట్టు.
తర్వాత నావైపు తిరిగి
"నలభై రెండులో రాయండమ్మా" అని
కోటు జేబులోంచి పొట్లం తీశాడు.
లోబియానీ. చిక్కుడు గింజలు కూరి కాల్చిన రొట్టె,
ఇంకా వెచ్చగానే ఉంది.
తండ్రి టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.
"ఓడిపోతాడు."
"ఓడిపోవచ్చు" అన్నాడు జుంబేర్. "ముందు తిననీ."

ఓడిపోయాడు. యాభై సెకన్లు పట్టింది.
కుతైసీ కుర్రాడు
తివాచీ చుట్టినట్టు చుట్టి పడేశాడు.
ఏడ్చాడు కూడా, దాచడమెందుకు,
మోచేత్తో ముక్కు తుడుచుకుంటూ, కాస్త ఎక్కువే.
జుంబేర్ పక్కన బెంచీమీద కూర్చుని
వాడు ఆగేదాకా ఆగి
ఒక్కటే అడిగాడు:
"నీ కాలు పట్టినప్పుడు వాడిలో ఏం చూశావు?"
ఎక్కిళ్ళ మధ్య భుజం అన్నాడు బాచానా,
ఎడమ భుజం ముందే వంగిందన్నాడు,
లేచి నిలబడి తనే వంగి చూపించాడు,
ఆ చూపించడంలో ఏడుపు ఎక్కడో జారిపోయింది.
తండ్రి దూరంనుంచి వింటున్నాడు.
ఏమనుకున్నాడో నాకు తెలీదు.
కొడుకు బూట్లు మాత్రం చేత్తో పట్టుకుని ఉన్నాడు.

సాయంత్రం హాలు ఊడుస్తుంటే
బాచానా మళ్ళీ వచ్చాడు,
కోటుతో, బూట్లతో, సగం రొట్టెతో సహా
తూకం ఎక్కాడు.
"ఎంత?"
నలభై ఒకటీ ఐదు వందలు.
పకపకా నవ్వి "రాసుకోండి" అన్నాడు.
నా కాగితంలో దానికి గడి లేదు.
మార్జిన్‌లో రాశాను, పెన్సిల్‌తో.
నోట్లో ముద్దతో సహా, అని కూడా.

బల్ల సొరుగులో ఇంకా
ఒక వెండి శిలువ ఉంది.
పోయినేడాదిది.
అడగడానికి ఎవరూ రాలేదు.