తోడు

ముప్పై ఒక్క ఏళ్లు ద్రహోమీరా చేతులు
క్లోరిన్ వాసనే వేశాయి.
రొట్టె తుంచినా, మనవడి తల నిమిరినా అదే.
మొరావియాలో మా చిన్న ఊరి ఈతకొలనుకి
నీళ్లు చూసే మనిషి ఆమె.
నేను గేటు దగ్గర టికెట్లు చింపేవాణ్ణి.

ఒక చలికాలం పురపాలక సంఘం
నీలం పలకలన్నీ పెరికించింది.
కొలను సగం ఈతకి, సగం కంకరకి.
కంకరలో జమ్ము, రెల్లు, పచ్చ ఐరిస్, నీటి పుదీనా.
"ఇక మందులొద్దు, మొక్కలే కడుగుతాయి"
అని చెప్పి ఇంజనీరు బ్రనో బస్సెక్కేశాడు.

మే నెలకి నీళ్లు బచ్చలికూర ఉడికినట్టు.
బీరు కొట్టు వావెర్కా అడిగాడు,
"కప్పలక్కూడా టికెట్టు కొడతావా?"
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ రాత్రి పంపుగది తాళం చప్పుడు.
కిటికీలోంచి చూశాను:
పాత సరుకులో మిగిలిన ఒక్క తెల్ల డబ్బా,
కంకర మీదికి వంపుతూ ఆమె.

తెల్లారేసరికి నీళ్లు తేట.
మూడో రోజు కంపు.
రాళ్లకి పట్టిన జిగురు చచ్చిపోయింది.
వేలికి తగిలితే మనం చీదరించుకునే ఆ జిగురే
నీటిలోని విషాన్ని విరిచి
వేళ్లకి అన్నంగా వడ్డించేదట.
వంటమనిషి పోయిన ఇంట్లో పిల్లల్లా
రెల్లు పాలిపోయింది.

ఎవరికీ చెప్పలేదామె.
నేనూ, ఇదిగో, ఇప్పుడే.

ఆదివారం సైకిలుకి రెండు బకెట్లు కట్టుకుని
అడవి అంచున ముసలి ఓత్మార్ చేపల చెరువుకి వెళ్లింది.
నల్ల బురద, పాకుడు పట్టిన గుప్పెడు రాళ్లు,
ఆవగింజంత నీటిపురుగులు
తెచ్చి కంకరలో కలిపింది,
ఏ నియమాల పుస్తకంలోనూ లేని పని.
తోడు వేసిన పాలగిన్నెని కదపనివ్వనట్టు
ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు.

జూన్ పోయింది.
జూలై మొత్తానికి పదకొండు టికెట్లు.

ఆగస్టులో ఒక పొద్దున నన్ను పిలిచి
జేబులోంచి నాణెం తీసి నీళ్లలో వేసింది.
ఆమె పక్కన నిలబడితే
బురద వాసన, అందులో కాస్త పుదీనా.
రెండు మీటర్ల లోతున నాణెం కుదురుకుంది.
ఇద్దరం వంగి చూశాం.
"బొమ్మ" అన్నాను.
"కళ్లజోడు మార్చు, బొరుసు" అంది.
చాలాసేపు తగువులాడుకున్నాం,
ఒక నత్త వచ్చి
దాని మీద కూచునేదాకా.