రెండద్దాల మధ్య

రోహిణి కార్తె. పడమటి గది.
మిషను మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది.
కిటికీ పక్కన పెట్టిన జాకెట్టు గుడ్డ
మడత విప్పితే రెండు రంగులు.
"ఇది నేనిచ్చిందేనా?" అని
శేషారత్నంగారు రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

పాలకొల్లు నుంచి ఏసుపాదం
కొత్త కిటికీని ఆటోలో నిలబెట్టి తెచ్చాడు,
బాలింతను దింపినట్టు దింపాడు.
రెండద్దాలు, మధ్యన వేలిమందం సందు.
"ఆ సందులో ఏముంది?"
"ఏమీ లేదమ్మా. పొడి గాలి."
ఏమీ లేనిదానికా ఇంత డబ్బు!

మా ఆయనకు మాత్రం వెంటనే అర్థమైంది.
రాత్రంతా ఐసు ఫ్యాక్టరీలో
రొయ్యల లారీలకు దిమ్మలెత్తే మనిషి.
"ఊకలాంటిదే" అన్నాడు.
"ఐసును కాసేది ఊక కాదు, ఊకలో చిక్కిన గాలి."
అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.
నాలుగింటి దాకా లేవలేదు.
పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో
పట్టపగలు ఆయన గురక వినడం అదే మొదలు.

కరెంటు బిల్లు తగ్గింది. ఎంతో చెప్పను,
చెబితే చీటీలావిడ గుమ్మంలో ఉంటుంది.
భీమవరం బైపాసు మీది హారన్లు
పక్క ఊరికి జరిగాయి.
చెరువుల్లో ఏరేటర్లు
దుప్పటి కింద గొణుగుతున్నాయి.

ఒకటే లోటు.
ఉప్పుబండి నాగూరు కేక వినపడక
మూడు వారాలు పక్కింటి ఉప్పుతో వండాను.

అందుకే పొద్దువాలి
నరసాపురం వైపు నుంచి గాలి మళ్ళగానే
గడియ తీసి ఒక రెక్క జరుపుతాను.
ఉప్పుగాలి, చేపల వాసన, ఎవరింట్లోదో తిరగమోత.
డ్యూటీకి ఆయన సైకిలు స్టాండు తీసిన చప్పుడు
వీధి మలుపు దాకా
వినాలి కదా.