జతపడని ఆరు పద్దులు

పగలంతా ఆటోనగర్‌లో
లారీ బాడీలు కట్టే షెడ్డులో లెక్కలు రాస్తాను.
రేకు ఎన్ని అడుగులు, వెల్డింగు రాడ్లు ఎన్ని పెట్టెలు,
ఏ డ్రైవరు ఎంత అడ్వాన్సు పట్టుకుపోయాడు.
చిట్టాలో పడింది ఆవర్జాలోకి ఎక్కాలి.
రెండూ కలవాలి. కలవకపోతే
రాత్రి అన్నం సయించదు నాకు.

రేడియో దగ్గరా అదే బుద్ధి.
పద్దెనిమిదేళ్లు, ఇరవైమూడు నోటు పుస్తకాలు:
తేదీ, వేళ, ఎదుటివాళ్ల కాల్‌సైను,
నేనిచ్చిన రిపోర్టు, నాకొచ్చిన రిపోర్టు.
బురద మరకలున్నవి నాలుగు. విప్పితే ఇప్పటికీ
బుడమేరు వాసన.

షెడ్డులో కొత్తగా చేరిన ప్రభుదాసు
ఆదివారాలు కూర్చుని అన్నీ కంప్యూటర్లోకి కొట్టాడు.
ఆన్‌లైన్లో ఎక్కించి మీట నొక్కితే
నా పద్దెనిమిదేళ్లూ రంగురంగుల కడ్డీలై నిలబడ్డాయి.

అరవై ఏడు దేశాలు, అంది.
సాయంత్రం ఏడు దాటాక యూరప్ బాగా తగులుతుంది మీకు, అంది.
సూర్యుడి మీద మచ్చలు తగ్గిన ఏళ్లలో
మీ కడ్డీలు కుంగాయి, అంది.
నా తప్పే అనుకుని ఆ ఏళ్లలో
మూడుసార్లు ఆంటెన్నా దించి ఎక్కించాను!

పటం మీద సింగ్‌నగర్ నుంచి బయల్దేరిన ఎర్ర గీతలు
అటు జపాను దాకా, ఇటు బ్రెజిలు దాకా.
గుంటూరు గీత మాత్రం కనిపించలేదు.
పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూస్తే
కృష్ణ మీద ఒక వెంట్రుక.

ఆ వెంట్రుక మీదే ఎనిమిదివందల డెబ్భై ఒక్క పలకరింపులు.
సంగడిగుంటలో మోటారు వైండింగు చేసే సైదావలి గారు.
గురువారం గురువారం తెల్లారుజామున నాలుగూ నలభైకి
మంగళగిరి కొండ భుజం మీద చెయ్యేసుకుని వచ్చినట్టు
వస్తుంది ఆయన గొంతు.
లాగులో ప్రపంచ వేళ రాయాలి గనక
మా గురువారాలన్నీ
బుధవారం రాత్రులుగానే చెల్లుతాయి.

మొదటిది తప్ప మిగతా ఎనిమిదివందల డెబ్భైకి
'పునరుక్తి, విలువ సున్నా' అని రాసింది యంత్రం.
నవ్వుకుని కిందికి జరిపాను.

జతపడనివి: ఆరు.
ఎదుటివారి లాగులో ఉన్నాయి, మీ లాగులో లేవు.

తేడా అంటే నాకు
ఒంటి మీద చీమ పాకినట్టు.
తేదీలు చూశాను.
ఆ సెప్టెంబరు. వరసగా ఆరు తెల్లారుజాములు.
అందులో గురువారం ఒక్కటే.

అప్పుడు నేను డాబా మీద ఉన్నాను.
కింద గదిలో నీళ్లు కిటికీ చువ్వల దాకా.
బ్యాటరీ మునిగింది. రేడియో గోనెసంచిలో, నా తల కింద.
పాల ప్యాకెట్ల పడవను కేకేసి కేకేసి
గొంతు పోయింది.

అక్కడ ఆయన,
పిలిచిన ప్రతి పిలుపూ రాసుకునే పాతకాలపు మనిషి,
నాలుగూ నలభై అని రాసి, నా కాల్‌సైను రాసి,
రిపోర్టు గడి ఖాళీగా వదిలాడు.
ఆరుసార్లు.

నెల తిరిగాక కలిసినప్పుడు మాత్రం
'ఫైవ్ నైన్. గుంటూరులో ఎండ మండుతోంది' అన్నాడు,
అంతే.

నిన్న గురువారం అడిగాను,
ఆరు పద్దులు తేలడం లేదండీ అని.
కాసేపు గరగర.
'జవాబు రాకపోతే పిలుపు కాకుండా పోతుందా, సామ్రాజ్యం గారూ. ఓవర్.'
చివరి గడిలో ఏమైనా రాశారా?
కాగితాలు తిప్పిన చప్పుడు.
'ఐదింటికి లేదు. ఆరోదానికి ఉంది.
"టీవీలో సింగ్‌నగర్. డాబాల మీద జనం.
ఆంటెన్నా ఉన్న డాబా కోసం వెతికాను."'

ఇప్పుడు వేసుకోండి, ఆరింటికీ ఫైవ్ నైన్ ఇస్తున్నాను, అన్నాను.
ఒప్పుకోలేదు.
'లాగు దిద్దకూడదండీ. తేడా తేడాగానే ఉండనివ్వండి.'

కలవని ఆరింటినీ కలవనట్టే వదిలేసి
ఆ రాత్రి
రెండోసారి అన్నం వడ్డించుకున్నాను.