ఆవిరి షిఫ్టు

పైబంకు మీద పండుకొని లింబాద్రి చదివి వినిపిస్తడు:
ఇత్తడి పళ్ల చక్రాలు, ఆవిరితో ఎగిరే ఓడలు,
కండ్లకు గుండ్రటి అద్దాలు తొడుక్కున్న దొరసాని.
"ఎంత సక్కగుందిరా ఆ లోకం!"

నాకూ ఉన్నయి అద్దాలు.
పగిలితే జీతంల కోత.

జుబైల్‌ల సముద్రాన్ని మసలబెట్టే బాయిలరు నాది.
ఉప్పు ఇటు, నీళ్లు అటు.
గేజీ ముల్లు ఎర్రగీత దాటకుండ
పన్నెండు గంటలు దాని మొఖమే చూస్త.

"తర్వాత?" అంటే పేజీ తిప్పిండు:
ఆ పట్నంల కూత పడితేనే లేవాలె,
మనుషులకు పేర్లుండయి, నంబర్లే.

లింబాద్రి ఆగిండు.
మెడల కార్డు తిప్పి చూసుకున్నడు.

ఇత్తడి మెరిస్తే దొరసాని కథ.
ఆ ఇత్తడి తోమేటోని నోట వింటే
ఇంకోటి.
అట్టలు మాత్రం అవే.

మిగతాది రేపు చదువుతడట.
నాకు నాలుగింటికి కూత.