ఫోటోలో జుట్టుంది

పెరటాసి మూడో శనివారం.
దానికి తోడు సోమవారం కూడా సెలవంట.
తెల్లారకముందే వంతెన దాకా బండ్లు.
నరహరిపేట చెక్‌పోస్టు కాడ
నా జిరాక్సు అంగడి రేకు ఎత్తేలోపలే
ప్లాస్టిక్ కవర్లు పట్టుకోని
ముగ్గురు డ్రైవర్లు నిలబడుండారు.

ఆర్సీ, ఇన్సూరెన్సు, పొగ కాగితం, పర్మిటు,
బండిలో ఉండేవాళ్ళ పేర్ల పట్టీ, రెండు రెండు కాపీలు.
మామూలు రోజైతే కాగితం రెండు రూపాయలు.
ఇయ్యాళ అయిదు.
తప్పే. కొండ మీద ఆయప్పకు మాత్రం
కరెంటు బిల్లు రాదా ఏంది.

మూత కింద పచ్చటి వెలుగు
ఇటు నుంచి అటు పోతుంది,
అటు నుంచి ఇటు వస్తుంది.
దాన్ని ఆపి అడిగేవాడు లేడు.

శనివారం పొయ్యేటప్పుడు
అందరూ కార్డుల్లో ఉన్నట్టే ఉంటారు.
ఆదివారం తిరిగొచ్చేటప్పుడు
గంధం పూసిన గుండ్లు,
టోపీ కింద గుండ్లు,
అమ్మ భుజం మీద నిద్రపోతా
తడి తువ్వాలు కప్పుకున్న అరచేతంత గుండు.

"ఇందులో ఉండేది ఎవురు?"
హోంగార్డు మొగిలీశు లైసెన్సు ఎండకు పట్టి చూసినాడు.
"నేనే సార్," టెంపో డ్రైవరు మాసిలామణి.
"ఇంత జుట్టుందే?"
"సామికి ఇచ్చేస్తిని."
"రసీదు?"
నవ్వులాటకే అడిగినాడు మొగిలీశు.
వాడు నిజంగానే జేబులోంచి
కల్యాణకట్ట టోకెను తీసినాడు,
చెమటకు మెత్తబడి, నాలుగు మడతలై.
"అక్కా, దీన్ని కూడా ఒక కాపీ తియ్యి."
తీసినా. ఆ ఒక్కదానికి డబ్బులు తీసుకోలేదు.

అసలు తంటా జుట్టుతో కాదు.
పర్మిటు నిన్న రాత్రి పన్నెండింటికే అయిపోయింది.
"ఇరవై రెండు గంటలు లైన్లో నిలబడినాం సార్,
మేం నిలబడినాం, కాగితం నిలబడలేదు."
మళ్ళీ కట్టమన్నారు.
కట్టేదానికి సర్వరు లేదు.
ఫోన్లో చిన్న చక్రం తిరుగుతానే ఉంది
ప్రదక్షిణం చేస్తున్నట్టు.

టెంపోలో పన్నెండు మంది
నా అంగడి నీడలోకి వచ్చి కూర్చున్నారు.
ఒకామె పులిహోర పొట్లం విప్పింది.
ఒక పిల్లోడు ఒంటికి పోవాలన్నాడు.
ముసలామె అరవంలో అడిగింది,
"ఏమ్మా, మా ఊరి పక్క ఎక్కడ మొదలు?"
మురుగు కాలవ చూపించినా.
పిల్లోడు దాంట్లోనే పోసి వచ్చినాడు,
సగం ఆపక్క, సగం ఈపక్క.

నేను పుట్టింది కాలవకు ఆపక్కే.
అమ్మ జోల పాడింది తెలుగులో,
అయ్యవారు దిద్దించింది అరవంలో.
ఈపక్క రేషన్ కార్డులో దేశమ్మ.
ఆపక్క బడి సర్టిఫికెట్టులో తేసమ్మాళ్.
ఇద్దరూ ఒకరేనని
తాసిల్దారు ఆఫీసుకు మూడేండ్లు తిరిగినా.
రెండు కాగితాలూ పక్కపక్కనే పెట్టి
ఒకే షీటు మీద కాపీ తీసుకున్నా.
అందులో మాత్రం ఇద్దరం కలిసుండాం,
కొంచెం మసగ్గా.

పొద్దు వాలినాక చక్రం ఆగింది.
డబ్బులు కట్టినారు, గేటు లేచింది.
ముసలామె నా గల్లాపెట్టె మీద
సగం లడ్డు పెట్టి పోయింది.
వెనకాల బండ్ల హారన్లు,
ఆ వెనకాల ఇంకా బండ్లు.

రాత్రి మిషను తుడుద్దామని మూత ఎత్తితే
అద్దం మీద బోర్లా పడుంది లైసెన్సు.
తిప్పి చూసినా.
నూనె పెట్టి పక్కకు దువ్విన జుట్టు,
పెండ్లికి ముందు దిగిన ఫోటో కావచ్చు,
నవ్వాలా వద్దా అని ఆగిన నోరు.
గుండుతో, కాగితం లేకుండా
వాడు ఈపాటికి కాట్పాడి దాటుంటాడు.

బిస్కెట్ల డబ్బాలో వేసినా.
ఇట్లా మర్చిపోయినవి అందులో ఇరవైకి పైనే.
జుట్టు పెరిగేలోపల వస్తాడులే.