లోపల వదిలిన గుడ్డ

సఖినేటిపల్లి రేవు దారిలో
మందుల కొట్టు పక్క రేకుల గదిలో నా మిషను.
ఇరవై రెండేళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను.
ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళు
అద్దానికి కూడా చూపించుకోని సంగతులు
నా టేపుకి తెలుసు.
కాన్పు తర్వాత ఎవరు ఒళ్ళు చేశారో,
మనాదితో ఎవరు చిక్కిపోయారో
గళ్ళ పుస్తకంలో పెన్సిలుతో రాసుంటాయి,
పేరు కింద పేరు, అంగుళాల్లో.

సువార్త జాకెట్టు రెండుసార్లు వెనక్కొచ్చింది.
"ఎడం పక్క లాగేస్తోంది వదినా,
నీ చెయ్యి తప్పింది" అంది.
నా చెయ్యి తప్పదు.
విప్పాను, కొలిచాను, మళ్ళీ కుట్టాను.
మళ్ళీ లాగింది.

మూడోసారి తలుపు గడియ పెట్టి
"ఓసారి పైట తియ్యవే" అన్నాను.
రొయ్యల షెడ్డు నుంచి తిన్నగా వచ్చిన మనిషి,
ఐసులో నాని వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.
సిగ్గుపడింది, నవ్వింది,
నవ్వుతూనే చెయ్యెత్తింది.

ఎత్తిన చేతి కింద
రొమ్ము ఒక పక్కన లోపలికి గుంజుకుంది,
వెనక నుంచి ఎవరో దారం పట్టి లాగినట్టు.
చుట్టూ పంపరపనస తొక్క మీది లాంటి
సన్నసన్న గుంటలు.
మొన లోపలికి తిరిగిపోయింది.

"మొదట్నుంచీ ఇంతేనా?"
"దాళ్వా ఊడ్పులప్పుడు చూశాను."
కోతలు కూడా అయిపోయాయి.
"గడ్డేమైనా తగుల్తోందా?"
"చింతగింజంత. కదలదు.
నొప్పి లేదుగా,
నొప్పొస్తే చూపిద్దామని..."

నొప్పొస్తే.
మా మేనత్తా ఆ మాటే అంది.
గంధం అరగదీసి రాసుకుంది,
ఎవరికీ చెప్పలేదు.
ఆఖర్న
వాసన చెప్పింది.

నేను డాక్టర్ని కాదు.
గుడ్డ కింద మనిషి మారితే
కుట్టు ముందు పసిగడుతుంది,
నా చదువు అంతవరకే.
"అన్ని గడ్డలూ అదే అవ్వవే" అన్నాను,
"కాకపోతే తిరిగొస్తూ నరసాపురంలో బజ్జీలు తిందాం."
"అయితే?"
దానికి నా దగ్గర కొలత లేదు.
"అయితే, ఇవాళ తెలిసింది ఇవాళ్టంతే ఉంటుంది.
ఆర్నెల్లకి తెలిసింది ఆర్నెల్లంత."

షెడ్డు కూలి పోతుందంది.
ఆయనకేం చెప్పనంది.
మగ డాక్టరుంటాడేమో అంది, అదే ఆఖరి మాట,
అదే అసలు మాట.
పెళ్ళిళ్ళ రోజులు, బల్ల మీద పద్దెనిమిది జాకెట్లు.
మిషను మీద దుప్పటి కప్పేశాను.

పొద్దున్న ఎనిమిదింటి పంటు.
గోదారి మధ్యలో ఇంజను చప్పుడికి
ఏం మాట్లాడినా వినపడదు, అదే మేలు.
సువార్త నా కొంగు అంచు
వేలికి చుట్టింది, విప్పింది, చుట్టింది,
అవతలి రేవు వచ్చేదాకా.

లేడీ డాక్టరే.
చల్లటి చేతులు రుద్దుకుని, వెచ్చబడ్డాక ముట్టుకుంది.
చంకలో కూడా వెతికింది.
ఇన్నాళ్ళేం చేశావని అడగలేదు,
"వచ్చావు, మంచి పని చేశావమ్మా" అంది.
భీమవరంలో ఫొటో తీయించాలి,
సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి.
చీటీ రాసిచ్చింది.
సువార్త ఆ చీటీని మడిచి జాకెట్టులో దోపుకుంది,
ఎడం పక్కే,
అలవాటుగా.

బజ్జీలు ఆ రోజే తినేశాం.
ఆగలేకపోయాం.

ఫొటో అయింది, సూదీ అయింది.
రిపోర్టు మంగళవారం అన్నారు.
ఈలోపు ఆ జాకెట్టు కొత్తగా కత్తిరించాను.
ఎడం పక్క లోపల రెండంగుళాల గుడ్డ వదిలి
పైపైన పెద్ద కుట్లు వేసి ఉంచాను,
వదులు చెయ్యాల్సొచ్చినా, బిగించాల్సొచ్చినా,
అసలు వేరే తీరునే కుట్టాల్సొచ్చినా.
పుస్తకంలో దాని పేరుకి ఎదురు గడి
ఖాళీగా ఉంది.

ఇందాక బడి పంతులమ్మ వచ్చింది, ఊరికి కొత్త.
టేపు చుట్టాను, అంకె రాసుకున్నాను,
టేపు మెళ్ళో వేసుకుని
"స్నానం చేసేప్పుడు ఎప్పుడైనా
తడిమి చూసుకుంటారా అండీ?" అనడిగాను.

ఆవిడ నా వంక చూడలేదు.
తలుపు వంక చూసింది.

లేచి గడియ పెట్టాను.